పోస్టాఫీసు నష్టం ఎవరి నెత్తిన పడుతోంది: ముప్పై ఏడేళ్లు కౌంటర్లో కూర్చున్నవాడి జవాబు

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజాం దగ్గర సొంతూరు, బెంగళూరులో ఉద్యోగం అన్నారు. పోస్టల్ శాఖకు ఏటా వేల కోట్ల నష్టం వస్తోంది, అది మా పన్నుల డబ్బే కదా, కొరియర్ కంపెనీలకు అప్పగించేస్తే పోలేదా అని అడిగారు. పోస్టాఫీసుకు వెళితే సర్వర్ డౌన్ అంటారని, ఓటీపీ రాదని, సినిమాల్లో చూపించే పోస్ట్‌మాన్ ఇప్పుడు ఎక్కడున్నాడని కూడా అడిగారు. చివర్లో మీ నాన్నమ్మగారి పాస్‌బుక్కు మాట ఎత్తారు. బ్యాంకుకు మార్పించమంటే ఆవిడ ససేమిరా అంటున్నారట.

నేను 1984లో గుమాస్తాగా చేరి 2021లో సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. రెండేళ్లు పార్వతీపురం వైపు పనిచేశాను. మిగతా సర్వీసంతా శ్రీకాకుళం జిల్లాలోనే, అందులోనూ ఎక్కువ కాలం ఉద్దానంలో. పెన్షన్ కూడా ఆ శాఖదే తింటున్నాను కాబట్టి నా మాటలో అభిమానం ఉంటుంది. అది పక్కన పెట్టి లెక్క చూడండి.

2018-19 సంవత్సరం సంగతి చెబుతాను. ఆ ఏడాది పోస్టల్ నష్టం 15,000 కోట్లని, బీఎస్ఎన్ఎల్‌ని, ఎయిర్ ఇండియాని కూడా మించిపోయిందని పేపర్లన్నీ రాశాయి. అది నిజమే. జీతాలు, అలవెన్సులకు 16,620 కోట్లు, పెన్షన్లకు 9,782 కోట్లు అయింది. నష్టంలో మూడింట రెండు వంతులకు దగ్గరగా పెన్షన్లే ఉన్నాయి. కేంద్రంలో చాలా శాఖల ఉద్యోగుల పెన్షన్ ఆర్థిక శాఖ పద్దులో పడుతుంది, ఆ శాఖ ఖర్చుగా కనిపించదు. పోస్టల్‌లో అలా కాదు. నలభై ఏళ్ల కిందట టపా మోసినవాళ్ల పెన్షన్ కూడా ఈ ఏడాది ఖర్చులోకే వస్తుంది. అమెరికాలో ఇంతకంటే పెద్ద తిరకాసు జరిగింది. రిటైరయ్యేవాళ్ల వైద్య ఖర్చులకు ముందే డబ్బు కట్టిపెట్టాలని అక్కడి పోస్టల్ సర్వీసు మీద 2006లో చట్టం పెట్టారు. ఏటా సుమారు 550 కోట్ల డాలర్ల బరువది. నష్టం, నష్టం అని పదిహేనేళ్లు గోల పెట్టి, 2022లో ఆ నిబంధనే ఎత్తేశారు. పద్దు ఎక్కడ రాస్తున్నారో చూడకుండా నష్టం అంకె ఒక్కటే పట్టుకుంటే మోసపోతాం.

మరి పెన్షన్ తీసేసినా లోటు మిగులుతుంది కదా అంటారు. మిగులుతుంది. ఎందుకు మిగులుతుందో చాలామందికి తెలియదు కాబట్టి అది కాస్త వివరంగా చెప్పాలి.

పల్లెలో బ్రాంచి ఆఫీసు తెరవడానికి మా శాఖలో ఒక నిబంధన ఉంది. ఆఫీసు మీద పెట్టే ఖర్చులో మూడో వంతు ఆదాయం వస్తుందనుకుంటే మామూలు గ్రామానికి ఆఫీసు ఇవ్వొచ్చు. కొండ ప్రాంతం, గిరిజన ప్రాంతం అయితే 15 శాతం వస్తే చాలు. అంటే సీతంపేట కొండల్లోనో గుమ్మలక్ష్మీపురం వైపో ఒక ఆఫీసు తెరిచిన రోజునే, వంద ఖర్చు పెడితే పదిహేను తిరిగొస్తాయి, ఎనభై అయిదు రావు అని కాగితం మీద రాసుకుని మరీ తెరిచారు. దేశంలో 1,64,000 పైచిలుకు పోస్టాఫీసులుంటే పదింట తొమ్మిది పల్లెల్లోవే. దీన్ని నిర్వహణ లోపం అంటే నేను ఒప్పుకోను. రోడ్డు వేసినప్పుడు, బడి కట్టినప్పుడు ఏటా ఎంత మిగిలిందని ఎవరూ అడగరు. పోస్టాఫీసుకు కౌంటరు, రసీదు, బిళ్ల ఉన్నాయి కాబట్టి అది దుకాణంలా కనిపిస్తుంది. అందుకే దాన్ని అడుగుతారు.

ఆ ఆఫీసులో ఉండేవాళ్లెవరు? ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టరు, ఒక సహాయకుడు. ఈ ఉద్యోగాల పేరు గ్రామీణ డాక్ సేవక్ అని మారినా ఊళ్లో ఇప్పటికీ ‘ఈడీ’ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) అనే పాత పేరుతోనే అంటారు. 2018 జూలై నుంచి రోజుకు నాలుగు గంటల పనికి పోస్ట్‌మాస్టరుకు కనీసం 12,000, సహాయకుడికి 10,000, పైన డీఏ. ఆఫీసుకు గది పోస్ట్‌మాస్టరే చూపించాలి. చాలా ఊళ్లలో ఆయన ఇంటి ముందు వసారాయే పోస్టాఫీసు. నాలుగు గంటలని కాగితం మీద ఉంటుంది కానీ, రాత్రి ఎనిమిదింటికి తలుపు తట్టి ‘బాబూ, డబ్బులు పడ్డాయా’ అని అడిగేవాళ్లకు ఆ సంగతి పట్టదు. వేల కోట్ల నష్టం అని రాసే చోట ఈ మనుషుల జీతం ఎంతో కూడా రాస్తే బాగుండేది.

కార్డు ముక్క లెక్క ఇంకా విచిత్రం. పోస్టుకార్డు ధర 50 పైసలు. శాఖ వార్షిక నివేదిక ప్రకారం 2013-14లో ఒక్కో కార్డుకు అయిన సగటు ఖర్చు 7 రూపాయల 53 పైసలు. కార్డుకు ఏడు రూపాయలు నష్టం అన్నమాట. ఇది చూసి, కార్డులు ఆపేస్తే ఆ మేరకు నష్టం తగ్గుతుందని అనుకోకండి. ఆ 7.53లో ఎక్కువ భాగం పోస్ట్‌మాన్ జీతం, బస్సు ఖర్చు, ఆఫీసు అద్దె. కార్డు లేకపోయినా ఆయన సంచిలో మిగతా టపా ఉంటుంది, ఊరు తిరగాలి. కార్డు ఆపేసిన రోజున పోయేది ఆదాయంలో ఆ 50 పైసలే. ఖర్చు మాత్రం మిగిలినవాటి నెత్తిన పడుతుంది. ప్రైవేటు కంపెనీ అయితే ఆ ఊరే మానేస్తుంది, లెక్క సరిపోతుంది. శాఖకు ఊరు మానేసే వీలు లేదు.

మనియార్డర్ల కాలం మీరు చూసి ఉండరు. మన జిల్లాల నుంచి ఖరగ్‌పూర్ రైల్వేకి, చెన్నైకి, అండమాన్‌కి, గుజరాత్‌లో వేరావల్ రేవుకి పోయినవాళ్ల కుటుంబాలు దాని మీదే బతికాయి. ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమిషను. ఫారం అడుగున చిన్న కూపన్ ముక్క ఉండేది. డబ్బు పంపినవాడు దాని మీద నాలుగు ముక్కలు రాయొచ్చు, దానికి వేరే స్టాంపు అక్కర్లేదు. నేను చేరిన కొత్తలో సోంపేట దగ్గర ఒక ఊరికి ఈడీ ఆయనతో కలిసి పంపిణీకి వెళ్లాను. ఒక ముసలమ్మ నూట యాభై రూపాయలు తీసుకుని, వేలిముద్ర వేసి, నోట్లు కొంగున కట్టుకుని, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. ఈడీ ఆయన కూపన్ చించి చదివాడు. ‘అమ్మకు నమస్కారం. ఆవుకి ఊక కొను. దగ్గు తగ్గిందా. పండక్కి రాను.’ ఆవిడ మళ్లీ చదవమంది. రెండోసారి చదివాక ‘రాను అని రాసినాడా, రాలేను అని రాసినాడా?’ అని అడిగింది. ఆయన కాగితం వైపు చూసి ‘రాలేను అని రాశాడమ్మా’ అన్నాడు. అక్కడ రాసింది ‘రాను’ అనే. నేను పక్క నుంచి చూశాను. 2015 ఏప్రిల్‌తో ఆ పాత కాగితం మనియార్డరు పోయింది. 1880లో మొదలైన సేవ. దాని మీద ఎంత నష్టం వచ్చిందో లెక్క ఉంది. ఆ మాట మార్చి చదివిన మనిషి పనికి ఏ పద్దూ లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పన్నుల డబ్బు. 2019లో పోస్టల్ నష్టం 15,000 కోట్లని పతాక శీర్షికలు వచ్చాయని చెప్పాను కదా. అదే ఏడాది సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీల పన్ను తగ్గించింది. మినహాయింపులు వదులుకుంటే 30 శాతం ఉన్నది 22కి దిగింది. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతం. దీనివల్ల ఏటా 1,45,000 కోట్ల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే ప్రకటించింది. పోస్టల్ నష్టానికి దాదాపు పది రెట్లు. దాన్ని ఎవరూ నష్టం అనలేదు, సంస్కరణ అన్నారు. బడ్జెట్ పత్రాల్లో పన్ను రాయితీల మీద ఒక పట్టిక ఇస్తారు. దానికి మొదట్లో వదులుకున్న రాబడి అనే అర్థం వచ్చే పేరుండేది. తర్వాత పన్ను ప్రోత్సాహకాల రాబడి ప్రభావం అని మార్చారు. పేరు మారాక ఆ పట్టిక గురించి మాట్లాడేవాళ్లు కూడా తగ్గిపోయారు. ఇవి కాక, ఉత్పత్తి పెంచితే డబ్బిచ్చే పీఎల్ఐ పథకానికి 14 రంగాలకు కలిపి 1,97,000 కోట్లు ప్రకటించారు.

మన పక్కనే ఉన్న ఉదాహరణ చెబుతాను. 2025 ఏప్రిల్లో విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు టీసీఎస్‌కు 99 పైసలకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. రెండు పోస్టుకార్డులు కొంటే రూపాయి. బదులుగా కంపెనీ 1,370 కోట్లు పెట్టుబడి పెడుతుందని, 12,000 ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు మీలా బెంగళూరు, హైదరాబాద్ పోకుండా విశాఖలో ఉద్యోగం దొరికితే సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావొచ్చు. ప్రభుత్వం భూమి ఇచ్చి ఉద్యోగాలు కొంటోంది. బేరం మంచిదే కావొచ్చు. అదే ప్రభుత్వ ధనంతో సీతంపేట కొండ మీది గూడేనికి ఒక పాస్‌బుక్కు, ఒక ఉత్తరం, ఒక పెన్షన్ కొంటే అది మాత్రం నష్టం ఎందుకవుతుంది? నా అభ్యంతరమంతా ఈ పేర్ల దగ్గరే. రెండింటినీ ఒకే పేరుతో పిలవండి, ఒకే తక్కెడలో తూచండి. కంపెనీకి రాయితీ ఇచ్చాక ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో ఏటా లెక్క చెప్పమనండి. పోస్టాఫీసును కూడా ఎంతమందికి పని జరిగిందో లెక్క చెప్పమనండి. ఆ పోటీకి మేం సిద్ధం.

పోస్టల్ నష్టంలో కంపెనీలకిచ్చే రాయితీ కూడా కలిసే ఉంది. రిజిస్టరైన పత్రిక 50 గ్రాముల లోపుంటే నేను రిటైరయ్యేనాటికి పోస్టులో 25 పైసలకే వెళ్లేది. చిన్న సాహిత్య పత్రికలు దాని మీదే బతికాయి. శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి దేశం నలుమూలల నుంచి పత్రికలు, పుస్తకాలు పోస్టులోనే చేరేవి, అది మంచి ఖర్చు. అదే 25 పైసలు కోట్ల ప్రకటనల ఆదాయం ఉన్న పెద్ద పత్రికకు కూడా వర్తించింది. తర్వాత అదే పత్రిక పోస్టల్ శాఖ నష్టాల మీద సంపాదకీయం రాస్తుంది.

కొరియర్లకు ఇచ్చేయమన్నారు. రెండేళ్ల కిందట విశాఖ నుంచి నా చెల్లెలికి షుగర్ మందుల పార్శిల్ ఒక ప్రైవేటు కొరియర్లో వచ్చింది. పేరు చెప్పను. పార్శిల్ మీద ఊరి పేరు, వీధి, ఫోన్ నంబరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కుర్రాడు మండల కేంద్రం నుంచి ఫోన్ చేసి ‘మీ ఊరు మా రూట్లో లేదు, రేపు సాయంత్రంలోగా వచ్చి పట్టుకెళ్లండి, లేకపోతే రిటర్న్ పోతుంది’ అన్నాడు. పద్దెనిమిది కిలోమీటర్లు. ఆటోకి రానూ పోనూ నూట ఇరవై, ఒక పూట పని పోయింది. కంపెనీ పుస్తకాల్లో మాత్రం డెలివరీ విజయవంతం, ఖర్చు తక్కువ, లాభం. ఆ నూట ఇరవై రూపాయలు, ఆ పూట కూలీ ఎవరి పుస్తకంలో రాయాలి? ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి పార్శిల్‌కింత అని ఇస్తారు, ఊళ్లు తిరిగితే అతనికే నష్టం. ఊరిదాకా వెళ్లే ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. పోస్టాఫీసు పెట్టుకుంటే అది వార్త అవుతుంది. మా చెల్లెలు పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఉద్దానంలోనే ఉన్నాను. జీడితోటలు, కొబ్బరితోటలు పడుకుండిపోయాయి, కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. మూడో రోజు ఉదయం మా రన్నరు భుజాన సంచితో, కూలిన చెట్లు ఎక్కి దిగుతూ వచ్చాడు. మోకాలి కింద గీరుకుని రక్తం కారుతోంది. సంచి విప్పితే తడి తగలని ప్లాస్టిక్ కవరులో ఇరవై ముప్పై కవర్లున్నాయి. ఒకటి మందస వైపు కుర్రాడికి వచ్చిన ఇంటర్వ్యూ లెటరు, తేదీ ఇంకా నాలుగు రోజులే ఉంది. అదే రోజు మధ్యాహ్నం అది అతని చేతికి వెళ్లింది. ఇంటర్వ్యూ సంగతి ఏమైందో తర్వాత నేను కనుక్కోలేదు.

సర్వర్ డౌన్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నేను వెనకేసుకురాను. 2017 డిసెంబరులో దర్పణ్ అనే పథకం కింద 1,29,000 బ్రాంచి ఆఫీసులకు చేతిలో పట్టుకునే యంత్రాలు ఇస్తామన్నారు, 1,400 కోట్లు కేటాయించారు. మంచి ఆలోచన. యంత్రం వచ్చింది కానీ కొండ వెనక ఊరికి సిగ్నల్ రాదు. ఈడీ మనిషి యంత్రం పట్టుకుని గుడి అరుగెక్కి, చింతచెట్టు కిందికెళ్లి, చివరికి చెరువు గట్టు మీద సిగ్నల్ దొరికితే ఆ రోజు పద్దులన్నీ అక్కడే కొట్టేవాడు. జనం కూడా గట్టు మీదే బారులు తీరేవారు. 2025 ఆగస్టు నుంచి దేశమంతా కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారింది, క్యూఆర్ కోడుతో డబ్బు కట్టొచ్చు, చేరినట్టు ఓటీపీతో నిర్ధారించుకోవచ్చు. మీబోటివాళ్లకు ఇది సౌకర్యమే. ఓటీపీ వచ్చే ఫోన్ కొడుకు దగ్గర బెంగళూరులో ఉన్న తల్లికి మాత్రం ఇది కొత్త టెన్షన్.

పలాస వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? పిక్క పెంకులో ఉండే రసం చర్మాన్ని కాలుస్తుంది. బూడిద రాసుకుని, నూనె రాసుకుని కొడతారు, అయినా ఏళ్ల తరబడి కొట్టేసరికి వేళ్ల కొనలు నల్లబడి నున్నగా అయిపోతాయి. గీతలుండవు. ఒకావిడ ఆధార్ వేలిముద్రతో ఖాతాలో డబ్బు తీసుకోవడానికి మా కౌంటర్‌కి వచ్చింది. బొటనవేలు పెట్టింది, ఎర్ర లైటు. గుడ్డతో తుడిచి పెట్టింది, ఎర్ర లైటు. కొబ్బరినూనె చుక్క రాసి తుడిచి మళ్లీ పెట్టమన్నాను. చూపుడువేలు, మధ్యవేలు, రెండు చేతులూ అయ్యాయి. పదో వేలు కూడా కుదరలేదు. ‘నా సెయ్యి నాది కాదంతందేటి బాబూ ఈ మిషను?’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పక్క వీధిలో పుట్టి పెరిగిన మనిషి, పేరు, పెనిమిటి పేరు, పిల్లల పేర్లు అన్నీ నాకు తెలుసు. పూర్వమైతే ఫారం నింపి, సిరాలో వేలు ముంచి, సాక్షి సంతకం పెట్టించి ఇచ్చేసేవాళ్లం. టెక్నాలజీ వల్ల ఖర్చు తగ్గిందంటారు. చాలా చోట్ల ఖర్చు తగ్గలేదు, చేతులు మారింది. ఆఫీసు చేసే పని ఇప్పుడు ఆవిడ చేయాలి, ఆధార్ సెంటర్‌కి పోయి, క్యూలో నిలబడి, కూలీ పోగొట్టుకుని.

యంత్రం మాట వేదవాక్కు అనుకుంటే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశాం. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు, ఫుజిట్సు కంపెనీది. లేని లోట్లు చూపించేది. కంప్యూటర్ తప్పు చెప్పదు కాబట్టి మనిషే దొంగ అన్నారు. తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లకు దొంగతనం, మోసం కింద శిక్షలు పడ్డాయి. ఇళ్లమ్ముకున్నారు, జైళ్లకెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2019లో హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చినా శిక్షలన్నీ మూకుమ్మడిగా రద్దు కావడానికి 2024లో ప్రత్యేక చట్టం కావలసి వచ్చింది. సాయంత్రం క్యాష్ కట్టేటప్పుడు పది రూపాయలు తేడా వస్తే నిద్రపట్టని ఉద్యోగం నాది. ఆ వార్తలు చదివినప్పుడు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

మీరు సినిమాల సంగతి ఎత్తారు కాబట్టి ఇది చెప్పాలి. ఆ బ్రిటన్ చట్టం వెనక ఒక టీవీ నాటకం ఉంది. 2024 జనవరిలో నాలుగు భాగాలుగా వచ్చింది. ఏళ్ల తరబడి పేపర్లు రాస్తున్నా కదలని జనం అది చూసి కదిలారు, వారం తిరిగేసరికి ప్రధాని పార్లమెంటులో చట్టం తెస్తామన్నారు. మన సినిమాల్లో పోస్ట్‌మాన్ అంటే సైకిల్ బెల్లు, ఒక ఉత్తరం, నాయిక పరుగు. అంతటితో అతని పని అయిపోతుంది. అతనికి జీతం ఎంతో, వేసవిలో ఎన్ని ఊళ్లు తిరుగుతాడో ఏ రచయితకూ కథలా కనిపించలేదు. మన యాస సంగతి ఇంకా బాధ. మన ఉత్తరాంధ్ర మాట మాట్లాడే పాత్ర వచ్చిందంటే అతను వాచ్‌మనో, పనివాడో, తెలివి తక్కువవాడో అయ్యుంటాడు. అతను నోరు తెరిస్తే హాలు నవ్వాలి. ఆ జీడి కొట్టే ఆవిడ అన్న మాట ఇందాక రాశాను, అందులో నవ్వడానికేముంది?

సినిమా ఖర్చు కూడా అంతే, తగ్గలేదు, చేతులు మారింది. రీలు పెట్టెలు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి చిన్న ఊళ్ల హాళ్లకు బస్సు మీద పోయే రోజులు నాకు గుర్తు. డిజిటల్ వచ్చాక పెట్టెల ఖర్చు పోయింది, చవకవుతుందనుకున్నాం. ఆ స్థానంలో డిజిటల్ కంపెనీలకు కట్టే ప్రింట్ ఫీజు వచ్చింది. దాని మీద గొడవపడే 2018 మార్చిలో తెలుగు నిర్మాతలు కొత్త సినిమాల విడుదల ఆపారు. ఇప్పుడు పెద్ద సినిమా వచ్చిన ప్రతిసారీ టికెట్ పెంచుకోవడానికి ప్రభుత్వం జీవో ఇస్తుంది. పోస్టుకార్డు మీద రూపాయి పెంచాలంటే ఢిల్లీలో ధైర్యం చాలదు, అందుకే అది అర్ధరూపాయి దగ్గర ఆగిపోయింది.

మా శాఖ చేసిన పనుల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అంతకుముందు రిజిస్టరు కవరు ఇరవై ఆరు రూపాయల దగ్గర మొదలయ్యేది. ఆ ఏడాది అక్టోబరు నుంచి బయటి ఊరికి స్పీడ్ పోస్టు 50 గ్రాములకు 47, రిజిస్ట్రేషన్ కావాలంటే మరో అయిదు, పైన జీఎస్టీ. రిజిస్టరు పోస్టు ఎక్కువగా వాడింది ఎవరో కౌంటర్లో కూర్చున్నవాడికి తెలుసు. భూమి తగాదాల్లో నోటీసుకు జవాబిచ్చే రైతు, దరఖాస్తు పెట్టే నిరుద్యోగి. వాళ్లకు మర్నాడే చేరాల్సిన అవసరం లేదు, చేరినట్టు రుజువు చాలు. అలాగే 2024 డిసెంబరులో పుస్తకాలకు ఉన్న చవక రిజిస్టర్డ్ సేవను చెప్పాపెట్టకుండా తీసేశారు, చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని తెచ్చారు, 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100. లేనిదానికంటే నయం. నష్టం తగ్గించాలంటే బ్యాంకులు, బీమా కంపెనీలు మూటలుగా పంపే కవర్ల రేటు పెంచండి, పెద్ద పత్రికల రాయితీ తీయండి, పార్శిల్ పనిలో వేగం పెంచండి. పేదవాడి కౌంటర్ దగ్గర పొదుపు చేయొద్దు.

ఇక మీ నాన్నమ్మగారి పాస్‌బుక్కు. బ్యాంకుకు మార్చొద్దు, ఆవిడ మాట వినండి. కొన్ని జాగ్రత్తలు మాత్రం ఈసారి ఊరెళ్లినప్పుడు చేయండి. ఆవిడది మామూలు సేవింగ్స్ ఖాతా అయితే కనీసం 500 నిల్వ ఉండాలి, వడ్డీ 4 శాతం. బ్రాంచి ఆఫీసులో రోజుకు 20,000 వరకు తీసుకోవచ్చు. దానికి వేలిముద్ర యంత్రమే కావాలని లేదు, విత్‌డ్రాయల్ ఫారం మీద సిరా వేలిముద్ర, తెలిసిన సాక్షి సంతకం సరిపోతాయి. ఆధార్ ముద్రతో డబ్బిచ్చేది ఎక్కువగా ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సేవ, ఈ రెండూ కలిపేసుకుని చాలామంది ఇబ్బందిపడుతున్నారు. నామినీ పేరు రాయించారో లేదో చూడండి, మీ తాతగారి పేరే ఇంకా ఉండి ఆయన లేకపోతే వెంటనే మార్పించండి. పాత రికరింగు డిపాజిట్ పుస్తకాలు, పొదుపు సర్టిఫికెట్లు పెట్టెలో ఏవైనా ఉంటే బయటికి తీయండి. గడువు తీరి మూడేళ్లు దాటినా మూసేయని ఖాతాలను స్తంభింపజేస్తున్నారు, డబ్బు ఎక్కడికీ పోదు కానీ మళ్లీ తెరిపించడానికి తిరగాలి. నెలనెలా చేతికి కావాలంటే మంత్లీ ఇన్‌కమ్ పథకం చూడండి, ఒక్కరి పేరు మీద 9 లక్షల వరకు, జాయింటైతే 15 లక్షల వరకు వేయొచ్చు.

ఇంకొక్క మాట, ఇది మా వాళ్లకు కోపం తెప్పించినా చెబుతాను. బ్రాంచి ఆఫీసులో కట్టిన డబ్బు పాస్‌బుక్కులో రాసి, తేదీ ముద్ర పడితేనే కట్టినట్టు. నమ్మకం మీద చేతికిచ్చి వచ్చేసి మోసపోయినవాళ్లను చూశాను. ఏడాదికోసారి ఆ పాస్‌బుక్కును బ్రాంచికి పై ఆఫీసైన సబ్ ఆఫీసుకు తీసుకెళ్లి కంప్యూటర్లో ఉన్న నిల్వతో సరిచూడండి. ఎంట్రీలు వేయించాక ఇంటికి తెచ్చి, మొదటి పేజీ నుంచి ఒక్కో అంకె ఆవిడకు చదివి వినిపించండి.